ఇంట్లో పది కంప్యూటర్లు కలిపి గేమ్ ఆడాలంటే

పండగ సెలవులకి అందరూ సీపీయూలు మోసుకొని వచ్చేస్తారు, తీరా చూస్తే రౌటర్ వెనక లాన్ పోర్టులు (పీసీల కేబుల్ గుచ్చే సాకెట్లు) నాలుగే ఉంటాయి, మిగతావాళ్ళు వైఫైలో ఆడతామంటారు కానీ ఒకే గదిలో అంతమంది వైఫై వాడితే పింగ్ (మన సిగ్నల్ వెళ్ళి తిరిగొచ్చే టైము) ఎగిరెగిరి పడుతుంది, అందుకే వైరే నయం.

16 పోర్టుల గిగాబిట్ స్విచ్ (చాలా పీసీల్ని వైర్లతో ఒకే నెట్‌వర్క్‌లో కలిపే పెట్టె) ఒకటి కొనండి, అన్‌మేనేజ్డ్ చాలు, సెట్టింగులేం ఉండవు. రౌటర్ లాన్ పోర్టు నుంచి స్విచ్‌కి ఒక కేబుల్, స్విచ్ నుంచి ఒక్కో పీసీకి ఒక్కో క్యాట్ 6 (నెట్‌వర్క్ కేబుల్ రకం) కేబుల్, అంతే. ఐపీలు (నెట్‌వర్క్‌లో ఒక్కో పీసీకుండే అడ్రస్ నంబర్లు) రౌటరే ఇస్తుంది. ఏదైనా పీసీలో 169.254 అని మొదలయ్యే ఐపీ కనిపిస్తే దానికి రౌటర్ అందలేదన్నట్టే, ముందు కేబుల్ క్లిప్పు టక్కుమని కూర్చుందో లేదో చూడండి. ఒకే కేబుల్ రెండు చివర్లూ అదే స్విచ్‌కి మాత్రం పెట్టకండి, మాకోసారి అలా జరిగి నెట్‌వర్క్ మొత్తం పడిపోయింది, అరగంట వెతుక్కున్నాం.

విండోస్‌లో నెట్‌వర్క్‌ని ప్రైవేట్ అని పెట్టి, ఫైర్‌వాల్‌లో గేమ్‌కి పర్మిషన్ ఇవ్వండి, లేకపోతే పక్కనోడి సర్వర్ కనపడదు. గేమ్ ఒకరి పీసీలో ఇన్‌స్టాల్ అయి ఉంటే, అదే గేమ్ తమ అకౌంట్లో ఉన్న మిగతావాళ్ళు స్టీమ్‌లో (గేమ్‌లు కొని దించుకునే యాప్) లోకల్ ట్రాన్స్‌ఫర్‌తో లాగేసుకోవచ్చు, నెట్ డేటా మిగుల్తుంది.

అన్నిటికన్నా కరెంటు ముఖ్యం అండీ. ఒక్కో పీసీ 400 వాట్లనుకున్నా పదింటికి 4000, అంటే 17 ఆంప్స్ పైనే, ఒకే ఎక్స్‌టెన్షన్ బాక్సుకి అస్సలు తగిలించకండి, వేరే వేరే గదుల లైన్ల నుంచి తీసుకోండి.