ఒక వాగు, ఒక ఆకు: బ్రిటన్ నేలతో పరిచయం పెంచుకోవడం ఎలా

బ్రిథోనిక్ పేగన్ దారిలోకి, అంటే క్రైస్తవం రాకముందు బ్రిటన్‌లో ఉన్న ఆరాధన దారిలోకి, రావాలనుకున్నవాళ్లు చాలామంది ముందు షాపింగ్‌తో మొదలుపెడతారు. పొడుగాటి అంగీ, చెక్కుడు పనుల గిన్నె, రంగురాళ్ల సంచి. నేనూ కొన్నాను, అన్నీ ఇప్పుడు అటక మీద ఉన్నాయి. నిజంగా కావాల్సినవి నీళ్లు దూరని బూట్లు, ఒక గుడ్డ సంచి, బ్రిటన్ మొక్కల్ని గుర్తుపట్టడానికి బొమ్మలున్న మంచి పుస్తకం, ఇంటి నుంచి నడిచి వెళ్లగలిగేంత దూరంలో ఒక వాగు. అంతే.

బ్రిథోనిక్ అంటే ఏమిటో ముందే తేల్చుకుందాం, లేకపోతే అంతా కలగాపులగం అవుతుంది. రోమన్లు రాకముందు నుంచే బ్రిటన్‌లో చాలా భాగం మాట్లాడిన కెల్టిక్ భాషల శాఖ అది. ఇవాళ్టి వెల్ష్, కార్నిష్, బ్రెటన్ దాని పిల్లలు. ఐరిష్ వేరే కొమ్మ. కాబట్టి సౌయిన్, ఇంబోల్క్ లాంటి పండుగ పేర్లు ఐర్లండ్ వైపువి. వేల్స్‌లో నవంబర్ 1 కలాన్ గైయవ్, అంటే చలికాలపు తొలి రోజు. మే 1 కలాన్ మై. ఆగస్టు 1 కలాన్ అవుస్ట్.

ఇంకో మాట, కొంచెం చేదుగా ఉన్నా చెప్పాలి. రోమన్లు రాకముందటి ప్రార్థన ఒక్కటి కూడా మన చేతికి రాలేదు. ఉన్నవి రోమన్ కాలపు రాతి శాసనాలు, నీళ్లలో దొరికిన కానుకలు, 14వ శతాబ్దపు క్రైస్తవ రాతప్రతుల్లో మిగిలిన మబినోగి అనే పాత వెల్ష్ కథలు. 'ప్రాచీన డ్రూయిడ్ మంత్రం' (డ్రూయిడ్లంటే ఆ కాలపు కెల్టిక్ పూజారులు) అని ఎవరైనా అమ్మితే జేబు జాగ్రత్త. కవులూ డ్రూయిడ్లూ కలిసే గోర్సెథ్ సభే 1792లో లండన్‌లోని ప్రిమ్‌రోజ్ హిల్ మీద యోలో మోర్గానుగ్ అనే ఆయన మొదలుపెట్టింది. పాత రాతలని ఆయన చూపించిన వాటిలో చాలా భాగం సొంతంగా అల్లినవే. అందుకే నా పద్ధతి పుస్తకం కన్నా నేల మీద ఎక్కువ ఆధారపడుతుంది.

మొదటి పని, మీ దగ్గరి నీటి పేరు కనుక్కోవడం. ఇంగ్లండ్‌లో ఏవన్ అనే నదులు చాలా ఉన్నాయి, ఆ మాటకు పాత బ్రిథోనిక్‌లో 'నది' అనే అర్థం, వెల్ష్‌లో ఇప్పటికీ అవొన్ అంటే నదే. అంటే మ్యాప్‌లో ఏవన్ నది అని రాసి ఉన్నచోటల్లా 'నది నది' అని రాసి ఉందన్నమాట! సెవర్న్ నది రోమన్లకు సబ్రీనా, వెల్ష్ వాళ్లకు హవ్రెన్. వేల్స్ సరిహద్దు వెంట పారే డీ నదికి రోమన్ కాలపు పేరు దేవా, అర్థం దేవత. మన 'దేవి' అన్న మాటకు దూరపు చుట్టం అది, ఊరికే ధ్వని కలిసిన పోలిక కాదు, రెండూ ఒకే వేరు నుంచి వచ్చాయి. నదిని అమ్మా అని పిలవడం మనకేమీ కొత్త కాదు కాబట్టి ఈ మెట్టు తెలుగువాళ్లకు సులువే.

పేరు తెలిశాక నెల రోజులు ఏమీ కోయకండి. వారానికి రెండుసార్లు అదే చోటికి వెళ్లి పావుగంట కూర్చోండి, ఫోన్ జేబులోనే ఉండనివ్వండి. వాన పడ్డాక నీళ్ల రంగు ఎలా మారుతోంది, ఏ ఒడ్డున ఎండ ముందు పడుతోంది, ఎగువన గొర్రెలు మేస్తున్నాయా. చివరిది భక్తి కోసమే కాదు, ప్రాణం కోసం కూడా: గొర్రెలు, ఆవులు తిరిగే చోట వాగులో పెరిగే వాటర్‌క్రెస్ అనే ఆకుకూర పచ్చిగా తింటే కాలేయానికి పట్టే పురుగు మన ఒంట్లోకి రావచ్చు.

తర్వాత ఒకే ఒక్క మొక్కతో మొదలుపెట్టండి. నా సలహా నెటిల్. ముట్టుకుంటే మన దూలగొండిని గుర్తుచేస్తుంది గానీ పొరపాటు పడటం కష్టం, అదే దాని గొప్పతనం. మార్చి, ఏప్రిల్‌లో, పూత రాకముందు, గ్లవ్స్ వేసుకుని పైనున్న నాలుగు నుంచి ఆరు లేత ఆకుల్ని మాత్రమే గిల్లండి. దారి పక్కన మోకాలి కన్నా కిందివి వద్దు, కుక్కల సంగతి తెలిసిందే కదా. మరిగే నీళ్లలో వేస్తే మంట పుట్టించే నూగు పనిచేయదు, పాలకూరలా మెత్తబడుతుంది, కొంచెం ఉల్లి, బంగాళదుంపతో సూప్ చేసుకోవచ్చు. పూత వచ్చాక ఆ ఆకు కడుపుకు, మూత్రపిండాలకు మంచిది కాదు, వదిలేయండి.

రెండోది అడవి వెల్లుల్లి, వెల్ష్‌లో క్రావ్ అ గైవ్ర్, అంటే మేకల వెల్లుల్లి. ఇక్కడే నేను మొదటి ఏడాది దెబ్బతినబోయాను. నీడపాటి చెట్ల కింద నేలంతా ఆకుపచ్చ దుప్పటి పరిచినట్టు ఉంటే ఆనందం పట్టలేక గుప్పెళ్లతో లాగేసి సంచిలో కుక్కాను. ఇంటికొచ్చి సింక్‌లో కడుగుతుంటే ఒక ఆకు మిగతావాటి కన్నా మందంగా, నిగనిగలాడుతూ చేతికి తగిలింది. వెల్లుల్లి ఆకులో ఈనెలు పొడవునా సమాంతరంగా సాగుతాయి, దీంట్లో మాత్రం వలలాగా అల్లుకుని ఉన్నాయి. అది ఆరమ్, ఇక్కడివాళ్లు లార్డ్స్ అండ్ లేడీస్ అంటారు. నమిలితే నోట్లో సూదులు గుచ్చినట్టు మంట, వాపు. వాసన చూస్తే తెలిసిపోతుందని చాలామంది చెప్తారు, ఆ మాట నమ్మకండి: పది ఆకులు కోశాక మీ వేళ్లే వెల్లుల్లి వాసన వేస్తాయి, ఏ ఆకు పట్టుకున్నా అదే వాసన. అప్పటి నుంచి ఒక్కో ఆకు, ఒక్కో చూపు. గంటకు ఒక చిన్న సంచి నిండితే గొప్ప. అసలు ధ్యానం అంటూ ఉంటే నాకు అదే.

క్యారట్ కుటుంబం జోలికి మాత్రం మొదటి కొన్నేళ్లు వెళ్లొద్దు. వాగుల ఒడ్డున పెరిగే హెమ్లాక్ వాటర్ డ్రాప్‌వర్ట్ చూడటానికి కొత్తిమీరలా ముద్దుగా ఉంటుంది, బ్రిటన్‌లోని అత్యంత విషపు మొక్కల్లో అదొకటి.

చట్టం గురించి టెన్షన్ అక్కర్లేదు, తెలుసుకుంటే చాలు. ఇంగ్లండ్, వేల్స్‌లో 1968 నాటి దొంగతనాల చట్టం ప్రకారం దానంతటది పెరిగిన మొక్కల పళ్లు, పూలు, ఆకులు, పుట్టగొడుగులు అమ్ముకోవడానికి కాకుండా సొంతానికి కోసుకుంటే దొంగతనం కాదు. 1981 నాటి వన్యప్రాణుల చట్టం ప్రకారం స్థలం యజమాని అనుమతి లేకుండా ఏ అడవి మొక్కనూ వేళ్లతో పెకలించకూడదు. వేరొకరి పొలంలోకి దూరే హక్కు ఈ రెండూ ఇవ్వవు.

ఇక కానుకలు. పాతకాలం వాళ్లు నీళ్లకు భారీగానే ఇచ్చారు. వేల్స్‌లోని ఆంగ్లెసీ దీవిలో లిన్ కెరిగ్ బాహ్ అనే చిన్న సరస్సు దగ్గర 1942లో విమానాశ్రయం పనులు చేస్తుంటే కత్తులు, రథాల ముక్కలు, బానిసల మెడలకు వేసే గొలుసులు బయటపడ్డాయి. ఉత్తర ఇంగ్లండ్‌లో రోమన్లు కట్టిన హేడ్రియన్ గోడ దగ్గర, కోవెంటినా అనే దేవత బావిలో 13,000కు పైగా నాణేలు దొరికాయి. చదివి ఉత్సాహపడి మీరూ వాగులో చిల్లర వేయకండి. కార్న్‌వాల్‌లోని మాడ్రన్ బావి దగ్గర కొమ్మలకు గుడ్డపీలికలు కట్టే ఆచారం ఉంది, గుడ్డ కుళ్లిపోతే జబ్బూ పోతుందన్న నమ్మకం దాని వెనుక. ఇప్పుడు కొందరు నైలాన్ రిబ్బన్లు కడుతున్నారు, అది కుళ్లదు, కొమ్మను బిగించేస్తుంది, ఇంక జబ్బు పోయేదెప్పుడు? నేను ఇచ్చే కానుక వెళ్లినప్పుడల్లా ఒక సంచి చెత్త ఏరడం, కోసే ముందు మొక్కను పేరుపెట్టి పిలవడం. వెల్ష్‌లో కృతజ్ఞత చెప్పాలంటే 'డియోల్హ్'. ఉచ్చారణ తప్పినా నది ఏమీ అనుకోదు.

ఏడాది చక్రం తిండితోనే తెలుస్తుంది. కలాన్ మై నాటికి హాథార్న్ పూత, జూన్‌లో ఎల్డర్ పూలు (కాయలు మాత్రం ఉడికించాకే తినాలి, పచ్చివి తింటే వాంతులు), వేసవిలో తడి పచ్చిక బయళ్లలో మెడోస్వీట్. ఆ పువ్వుతో పాటు ఓక్, బ్రూమ్ పూలు కలిపి బ్లొడైవెథ్ అనే స్త్రీని మంత్రంతో సృష్టించారని మబినోగి నాలుగో శాఖలో ఉంది. చేత్తో నలిపితే బాదం లాంటి వాసన, కథ తలకెక్కుతుంది. ఆస్పిరిన్ పడనివాళ్లు దాని టీ తాగొద్దు, మందుకు ఆ పేరు వచ్చిందే ఈ మొక్క పాత లాటిన్ పేరు నుంచి. ఆగస్టులో వేల్స్ కొండల మీద చేతులు ఊదారంగు తిరిగేదాకా బిల్‌బెర్రీలు, సెప్టెంబర్‌లో బ్లాక్‌బెర్రీలు, ఉడతలు వదిలితే హేజెల్ గింజలు.

కలాన్ గైయవ్ తర్వాత నేను కోత సంచి తీసుకెళ్లను. ఆ రాత్రి ఆత్మలు తిరుగుతాయన్న వేల్స్ పాత నమ్మకం ఒక కారణం, మిగిలిన కాస్తా పిట్టలకు కావాలన్నది ఇంకో కారణం. వాగు దగ్గరకు వెళ్లడం మాత్రం మానను. చలికాలం చివర్లో ఆకుల కుప్ప కింద నుంచి వెల్లుల్లి మొన ఎక్కడ పైకి వస్తోందో చూసి గుర్తు పెట్టుకుంటాను, దాని పక్కనే ఆరమ్ ఎక్కడ లేస్తోందో కూడా.