ఇంట్లో పీనట్ బటర్ చేసుకోవడం, సీసా ఖాళీ అయిన రోజు తగవు రాకుండా చూసుకోవడం

పర్లాకిమిడి, గుణుపురం, రాయగడ ప్రాంతాల్లోని మన తెలుగు ఇళ్లల్లో వేరుశనగ పిక్కలు లేని రోజు ఉండదు. పొద్దున పచ్చడిలోనో, మధ్యాహ్నం కూరలోనో, ఒడియా ఇరుగుపొరుగు వల్ల మనకూ అలవాటైన సాయంత్రపు ముఢి అనే మరమరాల్లోనో అవి పడుతూనే ఉంటాయి. ఇప్పుడు పిల్లల కోసం పీనట్ బటర్ సీసా కూడా వంటింటి అలమరలో చేరింది. దానితోపాటే "ఉన్న కాస్తా ఎవరు ఊడ్చేశారు?" అన్న ప్రశ్న కూడా వచ్చింది. సీసాలో ఎంత పట్టిందో, రోజుకు ఎంత తీస్తున్నామో లెక్క తెలిసిన ఇంట్లో ఈ ప్రశ్న పేచీ దాకా పోదని నా గట్టి నమ్మకం. అందుకే తయారీని, వాడకాన్ని కలిపే చెబుతున్నాను.

ముందుగా అర కిలో పచ్చి పిక్కలను చేటలో పోసి, ముడతలు పడినవి, నల్లబడినవి, బూజు పట్టినవి ఏరి పారేయాలి. ఈ పనిలో తొందర పనికిరాదు. తడిసి సరిగా ఆరని పిక్కలకు పట్టే ఆస్పర్జిల్లస్ ఫ్లేవస్ అనే బూజు అఫ్లటాక్సిన్ అనే విషాన్ని పుట్టిస్తుంది. అది కాలేయానికి చేటు చేస్తుంది, ఇంట్లో వేయించినంత మాత్రాన పూర్తిగా పోదు. వానాకాలంలో సంతలో కొనేవారు నాలుగు పిక్కలు నోట్లో వేసుకుని, చేదు తగిలితే కొనకపోవడమే మంచిది.

ఏరిన పిక్కలను అడుగు మందంగా ఉన్న మూకుడులో, సన్నని సెగ మీద, చెయ్యి ఆపకుండా కలుపుతూ 12 నుంచి 15 నిమిషాలు వేయించాలి. ఒక పిక్కను రెండు బద్దలు చేసి చూస్తే లోపల కూడా లేత గోధుమ రంగు కనిపించాలి. పైన మాత్రమే రంగు మారి లోపల తెల్లగా ఉంటే ముద్దకు పచ్చివాసన వస్తుంది, మాడితే చేదెక్కుతుంది. ముఢి బట్టీలో ఇసుకలో వేయించిన పిక్కలు కొన్నవారు వాటిని మళ్లీ వేయించనక్కర లేదు. అయితే రెండుసార్లు జల్లించి, బట్టతో తుడవాలి. ఇసుక రేణువు మిగిలితే మిక్సీ బ్లేడుకూ పళ్లకూ ప్రమాదమే.

గోరువెచ్చగా ఉన్నప్పుడే పిక్కలను గుడ్డలో వేసి నలిపి, చేటతో చెరిగి పొట్టు తీసేయాలి. పూర్తిగా చల్లారకముందే రుబ్బాలి. వేరుశనగలో దాదాపు సగం నూనే ఉంటుంది, వెచ్చదనం ఉంటే అది తేలిగ్గా బయటికి వస్తుంది. మాంట్రియల్‌కు చెందిన మార్సెల్లస్ గిల్మోర్ ఎడ్సన్ 1884లో పేటెంటు పొందిన పద్ధతిలో కూడా వేయించిన పిక్కలను వేడి చేసిన ఉపరితలాల మధ్యనే నూరారు. మిక్సీ జారులో సగానికి మించకుండా వేసి, అర నిమిషం తిప్పి, ఒకటి రెండు నిమిషాలు ఆపి, గోడలకు అంటినదాన్ని గరిటెతో కిందికి తోసి మళ్లీ తిప్పాలి. మొదట పొడి అవుతుంది, తరవాత గట్టి ముద్ద కడుతుంది. చాలామంది ఇక్కడే చెడిపోయిందని భయపడి నీళ్లు పోస్తారు. నీళ్లు ఎంతమాత్రం పోయకూడదు. చుక్క నీరు తగిలినా ముద్ద బిగుసుకుపోతుంది, త్వరగా పాడవుతుంది. ఓపికగా ఆపి ఆపి తిప్పుతూ ఉంటే నూనె ఊరి, ముద్ద వదులై నిగనిగలాడుతుంది. అప్పటికీ కదలకపోతే ఒక చెంచా వేరుశనగ నూనె చేర్చి, చివర అర చెంచా ఉప్పు వేయాలి. బెల్లంలో తేమ ఉంటుంది కనుక దాన్ని సీసాలో కలపకుండా, తినేటప్పుడు వేసుకోవడమే మేలు.

బాగా ఆరిన గాజు సీసాలోకి తీసి, ఫ్రిజ్‌లో పెడితే రెండు నెలలు నిలుస్తుంది. నాలుగైదు రోజులకు పైన నూనె తేలితే భయపడవద్దు, పొడి చెంచాతో కలిపితే సరిపోతుంది. బజారు సీసాలు చాలావాటిలో నూనె విడిపోకుండా హైడ్రోజనీకరించిన, అంటే డాల్డాలా గడ్డకట్టేలా చేసిన, కొవ్వు కలుపుతారు, మన ముద్దలో అది లేదు.

ఇక లెక్కకు వద్దాం. పొట్టు, తేమ పోగా అర కిలో పిక్కలకు సుమారు 450 గ్రాముల ముద్ద వస్తుంది. పెద్ద చెంచాకు 16 గ్రాముల చొప్పున అది దాదాపు 28 చెంచాలు. ఇద్దరు పిల్లలకు పొద్దున రొట్టె మీదికి రెండు చెంచాలు, తండ్రి అరటిపండుతో ఒకటి, రాత్రి చదువుకునే పెద్దబ్బాయికి ఒకటి అనుకుంటే సీసా వారం రోజులే. అందులో ఒకరోజు గుత్తివంకాయ కూరలోకి అమ్మ నాలుగు చెంచాలు తీసిందంటే ఆరో రోజుకే అడుగు కనిపిస్తుంది. కాబట్టి చిన్నవాణ్ణి నిలదీసే ముందు వారంలో ఏ కూరలు వండారో గుర్తు చేసుకోవాలి. సీసా మీద చేసిన తేదీ రాసిన కాగితం అంటించి, కూరలకు వేరే చిన్న సీసా పెడితే ఈ అనుమానాలు చాలావరకు తీరిపోతాయి.

ఇంట్లో నాయనమ్మ ఉంటే ఆమె వాటాను మొదటే తీసిపెట్టాలని నా విన్నపం. పళ్లు కదిలాక పిక్కలు నమలడం మానేసిన పెద్దవాళ్లకు చాలా ఏళ్ల తరవాత ఆ రుచి ఈ ముద్దలోనే దొరుకుతుంది, అయినా అడగడానికి మొహమాటపడతారు. వాళ్లు రాత్రిపూట ఒక చెంచా తీసుకున్నారని తెలిసినా, పిల్లల ఎదుట ఆ మాట ఎత్తడం మర్యాద కాదు. చిన్న గిన్నెలో వేరుగా పోసి, అంగిట్లో అంటుకోకుండా కాసిన్ని గోరువెచ్చని పాలతో పలుచన చేసి మనమే ఇవ్వాలి. పసిపిల్లలకూ ఉత్త ముద్దను చెంచాతో పెట్టకూడదు, గొంతులో అడ్డుపడుతుంది. వేరుశనగ పడనివారు ఇంట్లో ఉంటే దీన్ని అసలు చేయవద్దు.

సీసాలో రెండు వేళ్ల ఎత్తు మిగిలినప్పుడు, ఎవరి కంటపడితే వారు పిక్కలు తెప్పించమని చెప్పాలి. చివరి చెంచా తీసుకున్నవారు ఖాళీ సీసాను అలమరలో పెట్టకుండా, అయిపోయిందని అందరికీ చెప్పాలి. చెప్పినవారిని కోప్పడకూడదు, కోప్పడితే మరుసటిసారి ఎవరూ చెప్పరు. ఆరోజు తినకుండా బడికి వెళ్లిన బిడ్డకు కొత్త సీసాలో మొదటి చెంచా ఇవ్వాలి. గోడలకు అంటి మిగిలినదాన్ని పారేయకుండా, సీసాలో పావు గ్లాసు వేడి నీళ్లు పోసి, మూత బిగించి ఆడించి, ఆ నీళ్లను అదే పూట వంకాయ పులుసులో పోసుకోవచ్చు. తరవాత సీసాను సబ్బుతో, వేడి నీళ్లతో జిడ్డు పోయేలా కడిగి ఎండలో ఆరబెట్టాలి, పాత నూనె మిగిలితే కొత్త ముద్దకు ముక్క వాసన పడుతుంది. ఈ కడిగే పనిని చివరి చెంచా తిన్నవారికే అప్పగించాలి.