అడిగిన ప్రతి సైటుకీ అసలు ఈమెయిల్ ఇవ్వకుండా పని జరుపుకోవడం ఎలా?

మా పిన్ని కొడుకు డిగ్రీ పూర్తి చేసి అనంతపురం నుంచి బెంగళూరు వచ్చాడు. మారతహళ్లిలో మా ఇంటికి రెండు వీధుల అవతల పీజీ (పేయింగ్ గెస్ట్) హాస్టల్లో దిగాడు. ఆ మొదటి నెలలో ఎన్ని సైట్లలో పేరు నమోదు చేసుకున్నాడో వాడికే గుర్తులేదు. పీజీల వెతుకులాటకు కొన్ని, రెజ్యూమె తయారీకి ఒకటి, జావా కోర్సు ఉచిత డెమోకి మూడు నాలుగు, ఇంటర్వ్యూ ప్రశ్నల పీడీఎఫ్ కోసం ఇంకెన్నో. అన్నిటికీ ఒకటే జీమెయిల్. కొన్నాళ్ళకే లోన్లు, కోర్సులు, "డబ్బు కడితే ఆఫర్ లెటర్" అనే మెయిళ్ళు ముసురుకున్నాయి. ఇంటర్వ్యూకి రమ్మన్న అసలైన మెయిల్ ఆ గుంపులో కలిసిపోయింది. వాడు చూసేసరికి తేదీ దాటిపోయింది. "అక్కా, నిన్ననే అయిపోయింది" అంటూ ఫోన్ పట్టుకుని గుమ్మంలో నిలబడ్డాడు. ఆ రాత్రి ఇద్దరం కూర్చుని చేసిన పనే ఇక్కడ రాస్తున్నాను. ఉద్యోగం కోసం ఈ ఊరొచ్చే పిల్లలందరికీ ఇది మొదటి వారంలోనే తెలియాలని నా కోరిక.

ఈమెయిల్ అడిగే పెట్టె కనబడగానే ఒక్క ప్రశ్న వేసుకోండి: ఈ సైటుతో నాకు ఎన్నాళ్ళ పని? పది నిమిషాలా, కొన్ని నెలలా, బతికినంత కాలమా? ఏ చిరునామా ఇవ్వాలో ఆ జవాబే చెబుతుంది.

పది నిమిషాల పనికి

ఒక పీడీఎఫ్ దించుకోవాలి, ఒక వ్యాసం చదవాలి, మళ్ళీ ఆ సైటు ముఖం చూడరు. ఇలాంటప్పుడు తాత్కాలిక మెయిల్ చాలు. బ్రౌజర్‌లో ఇంకో ట్యాబ్ తెరిచి టెన్ మినిట్ మెయిల్ సైటుకు వెళ్ళండి. పేరూ పాస్‌వర్డూ ఏమీ అడగకుండానే పైన ఒక చిరునామా చూపిస్తుంది. దాన్ని కాపీ చేసి, మీకు పనున్న సైటులో పేస్ట్ చేయండి. కన్ఫర్మేషన్ లింకో ఓటీపీయో ఆ పేజీలోనే కింద కనబడుతుంది. పది నిమిషాలయ్యాక చిరునామా పోతుంది, సమయం చాలకపోతే పొడిగించుకునే బటన్ ఉంటుంది. ఇంకాస్త నిడివి కావాలంటే గెరిల్లా మెయిల్ ఉంది, వచ్చిన మెయిల్‌ను గంటసేపు ఉంచుతుంది. యోప్‌మెయిల్ అయితే 8 రోజులు.

ఇక్కడ ఒక్క విషయం బాగా గుర్తుంచుకోవాలి. యోప్‌మెయిల్, అలాంటిదే అయిన మెయిలినేటర్ ఇచ్చే ఉచిత పెట్టెలు తాళం లేని సత్రం గదుల్లాంటివి. వాటికి పాస్‌వర్డ్ ఉండదు. మీరు పెట్టుకున్న పేరే ఇంకెవరు టైప్ చేసినా మీ మెయిళ్ళు వాళ్ళకూ కనిపిస్తాయి. కాబట్టి ఇంటి అడ్రసు, ఫోన్ నంబరు, రెజ్యూమె ఉన్న ఖాతాను వీటితో తెరవకండి. మీరు మర్చిపోయిన చాలా రోజులకు ఎవరో ఆ పెట్టె తెరిచి, "పాస్‌వర్డ్ మర్చిపోయాను" నొక్కితే ఖాతా వాళ్ళ చేతికి పోతుంది.

ఈ తాత్కాలిక చిరునామాలను గుర్తుపట్టి ఒప్పుకోని సైట్లూ ఉన్నాయి. అప్పుడు కింద చెప్పే దారి పట్టండి.

కొన్ని నెలల పనికి

ఎక్కువ పనికొచ్చేది ఇదే, మేం ఎక్కువసేపు కూర్చున్నదీ దీని మీదే. పీజీ వెతుకులాట, కోర్సు డెమోలు, షాపింగ్ కూపన్లు, ఇలాంటి చోట్ల మెయిళ్ళు కొన్నాళ్ళు మీకు అందాలి, తర్వాత ఆగిపోవాలి. దీనికి ముసుగు చిరునామా వాడాలి. సైటుకు ముసుగు కనబడుతుంది, అక్కడికి వచ్చిన మెయిల్ మీ అసలు జీమెయిల్‌కు చేరుతుంది. విసుగొచ్చిన రోజు ముసుగును ఆపేస్తే చాలు.

ఫైర్‌ఫాక్స్ బ్రౌజర్ తయారుచేసే మొజిల్లా వాళ్ళ ముసుగు సేవ ఫైర్‌ఫాక్స్ రిలేలో 5 ముసుగులు ఉచితం. మొజిల్లా ఖాతా తెరిచి, కొత్త మాస్క్ తయారుచేయమని నొక్కి, దాని పక్కన లేబుల్ రాసుకోండి. మావాడు "పీజీ", "కోర్సులు", "కూపన్లు" అని రాసుకున్నాడు. ఈ లేబుల్ రాయడం బద్ధకించకండి. ఎవరికిచ్చిన చిరునామా ఎవరి చేతికి పోయిందో తర్వాత చెప్పేది అదే. 5 చాలవనుకుంటే డక్‌డక్‌గో ఈమెయిల్ ప్రొటెక్షన్ ఉచితంగా ఎన్ని కావాలంటే అన్ని ఇస్తుంది. ఫోన్‌లో వాళ్ళ యాప్ నుంచీ, కంప్యూటర్‌లో బ్రౌజర్ ఎక్స్‌టెన్షన్ నుంచీ తీసుకోవచ్చు. మీరు మెయిల్ ఎప్పుడు తెరిచారో పంపినవాళ్ళకు చేరవేసే కంటికి కనపడని బుల్లి బొమ్మలను కూడా అది తీసేసి పంపుతుంది. ఐఫోన్ ఉన్నవాళ్ళు "సైన్ ఇన్ విత్ యాపిల్" కనబడిన చోట "హైడ్ మై ఈమెయిల్" ఎంచుకుంటే సరిపోతుంది.

కొత్త ఖాతాలేవీ వద్దనుకునేవాళ్ళకు జీమెయిల్‌లోనే ఒక సదుపాయం ఉంది. మీ చిరునామాలో ఎట్ గుర్తుకు ముందు ప్లస్ గుర్తు పెట్టి ఒక మాట చేర్చండి: మీపేరు ప్లస్ కోర్సు, ఆ తర్వాత మామూలుగా ఎట్ జీమెయిల్ డాట్ కామ్. మెయిల్ మీకే వస్తుంది. ఇప్పుడు కంప్యూటర్‌లో జీమెయిల్ తెరిచి, పైనున్న సెర్చ్ పెట్టెకు కుడివైపు గుర్తు నొక్కి, "టు" అన్నచోట ఆ ప్లస్ చిరునామా రాసి, "క్రియేట్ ఫిల్టర్" నొక్కండి. "స్కిప్ ది ఇన్‌బాక్స్", "అప్లై ది లేబుల్" రెండింటికీ టిక్ పెడితే ఆ మెయిళ్ళన్నీ పక్క అరలోకి పోతాయి. ఫోన్ యాప్‌లో ఫిల్టర్ తయారుచేయడం కుదరదు. అయితే ఇది సర్దుకోవడానికే తప్ప దాక్కోవడానికి కాదు. ప్లస్ నుంచి ఉన్న భాగం తీసేస్తే మీ అసలు చిరునామా ఎవరికైనా తెలిసిపోతుంది. కొన్ని సైట్లు ప్లస్ గుర్తునే ఒప్పుకోవు.

బతికినంత కాలం పనికి

బ్యాంకు, ఆధార్, పాన్, పాస్‌పోర్టు, రైలు టికెట్లు, డబ్బు కట్టి చేరిన కోర్సు, కరెంటు బిల్లు: వీటికి అసలు చిరునామానే ఇవ్వండి. ఉద్యోగ దరఖాస్తుల కోసమైతే విడిగా ఒక జీమెయిల్ తెరిచి, రెజ్యూమెలో అదొక్కటే రాయండి. దాన్ని డెమోలకూ కూపన్లకూ ఎప్పుడూ ఇవ్వకండి. మావాడి విషయంలో మార్పు తెచ్చింది ముఖ్యంగా ఇదే.

ఇప్పటికే నిండిపోయిన పాత ఇన్‌బాక్స్ సంగతి. రోజుకు 5000కు పైగా జీమెయిళ్ళకు ప్రచార మెయిళ్ళు పంపేవాళ్ళు ఒక్క నొక్కుతో ఆపే వీలు ఇవ్వాలని గూగుల్ 2024లో నియమం పెట్టింది. అందుకని మీకు తెలిసిన కంపెనీ అయితే పైన కనబడే "అన్‌సబ్‌స్క్రైబ్" నొక్కండి. ముక్కూ మొహం తెలియనివాళ్ళదైతే లోపలి లింకు ఏదీ ముట్టకుండా "రిపోర్ట్ స్పామ్" నొక్కండి. లింకు నొక్కితే ఈ చిరునామాలో మనిషి ఉన్నాడని వాళ్ళకు మీరే చెప్పినట్టు అవుతుంది.

ఫారంలో ఫోన్ నంబరు కూడా ఇచ్చి ఉంటే ఈమెయిల్ ముసుగు ఫోన్లను ఆపలేదు. తప్పనిసరి అని చెప్పే నక్షత్రం గుర్తు (*) లేని చోట నంబరు పెట్టె ఖాళీగా వదిలేయండి. ప్రచార కాల్స్ ఆపమని 1909కి చెప్పవచ్చు.

నెలన్నర తర్వాత మావాడి "కోర్సులు" ముసుగుకు పర్సనల్ లోన్ మెయిళ్ళు రావడం మొదలైంది. ఆ చిరునామా వాడు ఇచ్చింది ఒక్క శిక్షణ సంస్థకే. "ఇది వాళ్ళ దగ్గర్నుంచే పోయిందక్కా" అన్నాడు. రిలే తెరిచి ఆ ముసుగుకు మెయిళ్ళు ఆపేశాడు. ఉద్యోగాల జీమెయిల్‌లో ఆ రోజు రెండే రెండు మెయిళ్ళున్నాయి, రెండూ వచ్చిన గంటలోపే చదివాడు.