జాతరలో వాకీటాకీ పట్టే తమ్ముళ్లకు, చెల్లెళ్లకు

ఒడిశాలోని బరంపురంలో ఠాకురాణి అమ్మవారి యాత్ర జరిగే రాత్రులు ఘటాల వెంట కదిలే జనసముద్రంలో ఫోన్లు కలవవు. అందుకే మా వీధి సేవకులకు వాకీటాకీలు ఇస్తాం. చేతికిచ్చే ముందు ఒకటే చెబుతాను: మీరు బటన్ నొక్కి పట్టుకున్నంతసేపు ఆ ఛానల్లో ఇంకెవరి మాటా వినపడదు.

కాబట్టి పాటలు, ఈలలు, వేషగాళ్ల మీద జోకులు, దుకాణాల ప్రచారం, ఎన్నికల కబుర్లు, బూతులు వద్దు. అమెరికాలో జీఎంఆర్‌ఎస్ అనే రకం వాకీటాకీలకు అక్కడి ప్రసార నియంత్రణ సంస్థ ఎఫ్‌సీసీ పెట్టిన నిబంధనల్లో సంగీతం, ఈలలు, ప్రకటనలు, తెలిసి చెప్పే అబద్ధాలు, గూఢార్థపు సంకేతాలు నిషిద్ధమని విడివిడిగా రాసి ఉంది. ఆ చట్టం మనకు వర్తించకపోయినా ఆ జాబితా నాకు నచ్చింది, మా వీధి నియమంగా పెట్టుకున్నాం. డప్పుల మోత ఎక్కువగా ఉంటే వాటికి వీపు తిప్పి, ఏం చెప్పాలో ముందే అనుకుని, అప్పుడు నొక్కండి.

నన్ను ఎక్కువ భయపెట్టేది తప్పిపోయిన పిల్లల సంగతి. "ఎర్ర పరికిణీ, చెవులకు బంగారు జూకాలు, పేరు ఫలానా" అని గాల్లోకి వదిలేస్తే, అదే ఛానల్ వింటున్న ఎవడైనా వచ్చి "మా పాపే" అనగలడు. సెట్టులోని ప్రైవసీ కోడ్ ఇతరుల మాటలు మీకు వినపడకుండా చేస్తుందే తప్ప మీ మాటను దాచదు. "పాప మా దగ్గర క్షేమంగా ఉంది, దేశిబెహరా వీధి మలుపుకు పెద్దలను పంపండి" అంటే చాలు. పేరు, బట్టలు, నగల గుర్తులు వచ్చినవాళ్లే చెప్పాలి.

ఆపద లేకుండా "కాపాడండి" అని అరవకూడదు. పోలీసులమని చెప్పుకోకూడదు. ఎవరైనా స్పృహ తప్పితే సెట్టులో ఒకరు చోటు చెప్పాలి, గుంపు బయట ఉన్నవారు 112కు ఫోన్ చేయాలి.

ఇక సెట్టు విషయం. మన దేశపు 2018 నిబంధనల ప్రకారం లైసెన్సు లేకుండా వాడదగ్గ వాకీటాకీలు 446.0 నుంచి 446.2 మెగాహెర్ట్జ్ మధ్య మాత్రమే పనిచేయాలి, వాటికి పరికర ఆమోదపత్రం ఉండాలి. ఆన్‌లైన్లో చౌకగా దొరికేవన్నీ అలాంటివి కావు. అందుకే 2025లో కేంద్ర వినియోగదారుల రక్షణ ప్రాధికార సంస్థ ఆ అమ్మకాలపై మార్గదర్శకాలు ఇచ్చింది. కొనేటప్పుడు పెట్టె మీద ఫ్రీక్వెన్సీ చదవండి, బిల్లుతో పాటు ఆమోదపత్రం నకలు అడిగి తీసుకోండి.