కరకట్ట మీదుగా అమరావతికి సైకిల్ దారి

విజయవాడ నుంచి వెళ్లిరావడానికి సుమారు 70 కిలోమీటర్లు. ప్రకాశం బ్యారేజీ దాటగానే కుడికి తిరగాలి. ఉండవల్లి కొండ ఎడమన, కృష్ణ కుడిచేతి పక్కన. వెంకటపాలెం మీదుగా పడమరకే దారి.

ఈ దారిలో అసలు శత్రువు సర్కారు తుమ్మ ముల్లు. పంక్చరైతే ట్యూబు మార్చే ముందు టైరు లోపలంతా వేలితో మెల్లగా తడిమి ముల్లు పీకేయాలి, లేకపోతే కొత్త ట్యూబూ పది నిమిషాల్లో పోతుంది. 28 మిల్లీమీటర్ల వెడల్పు టైరుకు 80 పీఎస్ఐ (గాలి ఒత్తిడి కొలత) గాలి చాలు. మరీ బిగిస్తే గతుకుల్లో చేతులు అదిరిపోతాయి. రెండు ట్యూబులు, పంపు తప్పనిసరి.

వేసవిలో వడగాలి పడమటి నుంచే, అంటే వెళ్లేటప్పుడు ఎదురే. తెల్లవారకముందే లైటు వేసుకుని బయల్దేరండి. నీళ్లు రెండు లీటర్లు, ఒక సీసాలో ఉప్పు కలిపిన మజ్జిగ.