దత్తమండలాల నాటి కంపెనీ రికార్డులు చూడటానికి, నకళ్లు పొందటానికి దరఖాస్తు విధానం

మైసూరు యుద్ధాల్లో టిప్పు సుల్తాను నుంచి గెలుచుకున్న భూముల్లో 1792లోనూ 1799లోనూ నిజాం వాటాకు వచ్చిన ప్రాంతాన్ని, తన రాజ్యంలో ఉంచిన కంపెనీ సైన్యం ఖర్చు కింద, 1800 అక్టోబరు 12 నాటి ఒప్పందంతో ఆయన ఈస్టిండియా కంపెనీకి వదిలేశాడు. నేటి కడప, అనంతపురం, బళ్ళారి ప్రాంతాలూ, కర్నూలు జిల్లాలో కొంత భాగమూ ఇందులోనివే. ఇలా కంపెనీకి దత్తమైన ఈ ప్రాంతాన్నే దత్తమండలాలు అంటారు. ఎనిమిదేళ్ల వ్యవధిలో ముగ్గురు ప్రభువులు మారిన ఈ సరిహద్దు సీమను కంపెనీ తన పాలనలో ఎలా కలుపుకుందో, పాలెగాళ్ల కోటలు, ఊళ్ల శిస్తు, దేవాలయాల ఇనాములు ఆ క్రమంలో ఏమయ్యాయో చెప్పే ప్రభుత్వ పత్రాలు చెన్నై, హైదరాబాదు, ఢిల్లీ, లండన్ నగరాల్లో ఉన్నాయి. పరిశోధకులే కాక, ఇనాం భూమికి ఆధారం వెతికే కుటుంబాలూ, దేవస్థానాల ధర్మకర్తలూ ఈ పత్రాల కోసం దరఖాస్తు చేస్తుంటారు. ఈ రెండు రకాల దరఖాస్తుదారులకూ దారి ఒకటి కాదు కనుక వేర్వేరుగా వివరించటం జరిగింది.

దరఖాస్తుకు ముందు: ఏ జిల్లా, ఏ సంవత్సరం

దరఖాస్తులు ఫలితం లేకుండా పోవటానికి నా అంచనాలో మొదటి కారణం ఫారం తప్పుగా నింపటం కాదు, జిల్లా పేరు తప్పుగా రాయటం. మన ఊరు ఇప్పుడు ఏ జిల్లాలో ఉందన్నది ఇక్కడ పనికిరాదు; పత్రం పుట్టిన నాడు ఏ కలెక్టరు కింద ఉందన్నదే లెక్క. 1800 నుంచి 1807 వరకు దత్తమండలాలన్నిటికీ ప్రధాన కలెక్టరు థామస్ మన్రో ఒక్కడే. అనంతపురం కేంద్రంగా ఆయన, ఆయన కింద నలుగురు సబార్డినేట్ కలెక్టర్లు పని చేశారు. 1808లో ఈ ప్రాంతాన్ని బళ్ళారి, కడప జిల్లాలుగా విడదీశారు. అనంతపురం 1882లో గాని ప్రత్యేక జిల్లా కాలేదు కనుక, 1850 నాటి గుత్తి సంగతి కావాలంటే బళ్ళారి రికార్డుల్లో వెతకాలి. ఆదోని, ఆలూరు, రాయదుర్గం తాలూకాలు 1953 వరకు బళ్ళారి జిల్లాలోనే ఉన్నాయి. మదనపల్లె, వాయల్పాడు తాలూకాలు 1911లో చిత్తూరు జిల్లా ఏర్పడే దాకా కడప కిందివి.

కర్నూలు సంగతి మరికొంచెం చిక్కు. ఆ నవాబు గులాం రసూల్ ఖాన్‌ను కంపెనీ 1839లో పట్టుకుని తిరుచిరాపల్లికి పంపేదాకా కర్నూలు సంస్థానం కలెక్టర్ల పాలనలో లేదు. ఆ తరువాత కమిషనర్, ఏజెంటు హోదాల్లో అధికారులు పాలించి, 1858లో దాన్ని కలెక్టరేటుగా మార్చారు. కడప నుంచి కోయిలకుంట్ల, కంభం, మార్కాపురం తాలూకాలనూ, బళ్ళారి నుంచి పత్తికొండనూ అప్పుడే అందులో చేర్చారు. అందువల్ల కోయిలకుంట్ల ప్రాంతంలో జరిగిన ఉయ్యాలవాడ నరసింహారెడ్డి తిరుగుబాటు (1846–47) నేడు మనం కర్నూలు, నంద్యాల ప్రాంతపు చరిత్రగా చెప్పుకునేదైనా, దాని కాగితాల కోసం కడప కలెక్టరు ఉత్తరాలనే ముందుగా అడగాలి. ఇక ‘రాయలసీమ’ అన్న పేరు 1928 నాటి నంద్యాల సభ తరువాత స్థిరపడింది కాబట్టి కంపెనీ కాలపు సూచికల్లో కనిపించదు. దత్తమండలాలకు వాళ్లు వాడిన ‘సీడెడ్ డిస్ట్రిక్ట్స్’ అన్న పేరుతోనే వెతకాలి.

సంవత్సరం విషయంలో శిస్తు లెక్కలు ఫస్లీల్లో, అంటే రెవెన్యూ సంవత్సరాల్లో, ఉంటాయని గుర్తుంచుకోవాలి. మద్రాసు లెక్కలో ఫస్లీకి 590 కలిపితే అది మొదలైన క్రీస్తు శకపు సంవత్సరం వస్తుంది. మన్రో మొదటి శిస్తు నిర్ణయం చేసిన 1210 ఫస్లీ అంటే 1800–01. ఊళ్ల పేర్ల వర్ణక్రమం కూడా ఒక్కో గుమాస్తా చేతిలో ఒక్కో రకంగా ఉంటుంది. ఆదోని ‘అద్వానీ’గానూ, కర్నూలు ‘కందనూలు’కు దగ్గరి రూపాల్లోనూ కనిపించవచ్చు. దరఖాస్తులో నేటి పేరుతోపాటు ఇలాంటి పాత రూపాలు రెండు మూడు రాస్తే సిబ్బందికి వెతకటం తేలికవుతుంది.

ఏ వరుసలో (సిరీస్‌లో) అడగాలి

కంపెనీ పాలన అంతా ఉత్తరాల మీద నడిచింది. కలెక్టరు రెవెన్యూ బోర్డుకు రాస్తాడు, బోర్డు మద్రాసు గవర్నరు సమితికి రాస్తుంది, సమితి లండన్‌లోని డైరెక్టర్లకు రాస్తుంది. ప్రతి మెట్టు దగ్గరా వచ్చిన ఉత్తరాన్నీ దాని మీద ఇచ్చిన ఉత్తర్వునూ సంపుటాల్లోకి ఎత్తి రాసేవారు. ఈ సంపుటాలనే ‘ప్రొసీడింగ్స్’, ‘కన్సల్టేషన్స్’ అంటారు. కాబట్టి ఒకే సంఘటన నాలుగు చోట్ల దొరకవచ్చు, నాలుగు చోట్లా ఒకే రకంగా ఉండకపోవచ్చు. ఉదాహరణకు, 1801లో తెర్నేకల్లు గ్రామస్థులు శిస్తు వసూలుకు ఎదురు తిరిగినప్పుడు కలెక్టరు చెప్పిన మాట రెవెన్యూ వరుసలో వెతకాలి, సేనల కదలికలు మిలిటరీ వరుసలో వెతకాలి. ఎనభై మంది పాలెగాళ్లను జనరల్ డుగాల్డ్ క్యాంప్‌బెల్ సేనలు అణచిన తీరు, వారి కోటలు, బత్తెం, పింఛన్ల లెక్కలు కూడా ఇలాగే రెండు మూడు శాఖల మధ్య చెదిరి ఉన్నాయి. నేరవిచారణ, ఉరిశిక్షలు, పోలీసు పద్ధతులు జుడీషియల్ కన్సల్టేషన్ల కిందికి వస్తాయి. నరసింహారెడ్డిని 1847 ఫిబ్రవరి 22న ఉరితీసిన వ్యవహారాన్ని అక్కడే చూడాలి.

రైత్వారీ శిస్తు (ప్రభుత్వం నేరుగా రైతు మీదే నిర్ణయించే శిస్తు) మీద పరిశోధన చేసేవారు మొదట మన్రో 1807 ఆగస్టు 15న బోర్డుకు పంపిన నివేదికను చదవటం మంచిది. సర్వే చేసి తానే వేసిన శిస్తును నూటికి ఇరవై అయిదు చొప్పున తగ్గించాలని ఆయన అందులో కోరాడు. ఆయన పత్రాల్లో ముఖ్యమైనవి కొన్ని ఈస్టిండియా కంపెనీ వ్యవహారాల మీద బ్రిటిష్ పార్లమెంటు 1812లో అచ్చు వేసిన అయిదవ నివేదిక అనుబంధాల్లో ఉన్నాయి. అచ్చులో దొరికేదాన్ని రాతప్రతిలో చూపమని అడిగితే పాత కాగితం నలుగుతుంది, దరఖాస్తుదారుకు సమయమూ వృథా అవుతుంది. జిల్లా రికార్డులకు మద్రాసు ప్రభుత్వం అచ్చు వేయించిన మార్గదర్శికలు కూడా ఉన్నాయి. వాటిలో సంపుటం సంఖ్య, తేదీ చూసుకుని వెళ్లినవారికి మొదటి రోజే పుస్తకం చేతికి వచ్చే అవకాశం ఎక్కువ.

చెన్నైలో దరఖాస్తు

రెవెన్యూ బోర్డు, మద్రాసు ప్రభుత్వ శాఖల మూల సంపుటాలు చెన్నై ఎగ్మూరులోని తమిళనాడు పురాభిలేఖాగారంలో ఉన్నాయి. 1909లో కట్టిన ఈ భవనమే పూర్వపు మద్రాసు రికార్డు ఆఫీసు. దరఖాస్తును పురాభిలేఖ, చారిత్రక పరిశోధన శాఖ కమిషనరు పేరిట రాయాలి. విశ్వవిద్యాలయ పరిశోధకులైతే మార్గదర్శకుడో విభాగాధిపతో సంతకం చేసిన పరిచయ లేఖనూ, గుర్తింపు పత్రం నకలునూ, ఫొటోలనూ జత చేయాలి. ఏ సంస్థకూ చెందని స్వతంత్ర పరిశోధకులు తమ పని ఏమిటో, ఇంతకు ముందు ప్రచురించినవి ఏవైనా ఉంటే అవేమిటో ఒక పుటలో రాసి, బాధ్యతగల వ్యక్తి పరిచయ లేఖతో అనుమతి కోరాలి. విదేశీ పౌరసత్వం ఉన్నవారు, తెలుగువారైనా సరే, ప్రభుత్వ అనుమతికి అదనపు సమయం పడుతుందని ముందే లెక్క వేసుకుని, ప్రయాణం టిక్కెట్లు కొనక ముందే దరఖాస్తు పంపటం క్షేమం. ఫారం, రుసుములు, పని వేళలు మారుతుంటాయి గనుక వాటిని ఆ కార్యాలయం నుంచే తెలుసుకోవాలి.

దరఖాస్తులో అన్నిటికన్నా బరువైనది ‘పరిశోధన విషయం’ అన్న గడి. అనుమతి ఆ గడిలో రాసిన మాటల మేరకే వస్తుంది. ‘రాయలసీమ చరిత్ర’ అని రాస్తే ఏ సంపుటాలు చూపాలో అధికారికి అర్థం కాదు. మరీ ఇరుకుగా ఒక ఊరి పేరు మాత్రమే రాస్తే పక్క తాలూకా సంపుటం అడిగినప్పుడు అభ్యంతరం రావచ్చు. ‘1800–1808 మధ్య దత్తమండలాల ప్రధాన కలెక్టరుకూ మద్రాసు రెవెన్యూ బోర్డుకూ నడిచిన ఉత్తర ప్రత్యుత్తరాలు, గుత్తి, ఆదోని ప్రాంతాల్లో శిస్తు నిర్ణయం, పాలెగాళ్ల హక్కులు, రెవెన్యూ, మిలిటరీ, జుడీషియల్ వరుసలు’ అన్నట్టు కాలం, కార్యాలయం, ప్రాంతం, వరుస నాలుగూ ఉండేలా రాయటం సరైన పద్ధతి.

అనుమతి వచ్చిన తరువాత చదివే గదిలో సూచికలు చూసి, ఒక్కో సంపుటానికి ఒక్కో చీటీ రాసి ఇవ్వాలి. చీటీలో వరుస పేరు, సంపుటం సంఖ్య, తేదీ ఉండాలి. పెన్సిలు తప్ప సిరా కలం వాడకూడదు. కాగితం పొడిబారి విరిగే స్థితిలో ఉన్న సంపుటాలను ఇవ్వకపోతే వాదించి లాభం లేదు. అదే ఉత్తరం పై మెట్టు కార్యాలయం సంపుటంలో ఉందేమో చూడటం తెలివైన పని. బోర్డు పత్రాలు ఇంగ్లీషులో ఉంటాయి గాని, కచేరీ లెక్కల్లోకి దిగితే తెలుగుతోపాటు మరాఠీ మోడీ లిపి, బళ్ళారి వైపు కన్నడం ఎదురవుతాయి. మోడీ చదవగలవారు తోడు లేకుండా ఆ లెక్కలు తెప్పించుకోవటం వల్ల ప్రయోజనం తక్కువ.

ఇనాం ఆధారాల కోసం నకలు

భూమి కాగితం కోసం వచ్చేవారికి పై సంపుటాలతో సాధారణంగా పని ఉండదు. వారికి కావలసింది ఇనాం హక్కుల విచారణకు 1858లో ఏర్పడిన ఇనాం కమిషన్ తయారు చేయించిన ఇనాం ఫెయిర్ రిజిస్టరు. ఇనాం ఎవరు ఇచ్చారు, మొదటి ఇనాందారు ఎవరు, విచారణ నాటికి అనుభవంలో ఉన్నది ఎవరు, చూపిన ఆధారాలేమిటి, డిప్యూటీ కలెక్టరు సిఫారసు, కమిషనరు నిర్ణయం, చివరికి ఇచ్చిన టైటిల్ డీడ్ (హక్కు పత్రం) సంఖ్య ఇందులో గడులవారీగా ఉంటాయి. టిప్పు కాలంలో రద్దయి నిజాం కాలంలో తిరిగి ఇచ్చినట్టు చెప్పుకున్న ఇనాములు, పాలెగాళ్లు ఇచ్చినవి, నవాబులు ఇచ్చినవి ఇలా ప్రతిదాని పుట్టుకనూ అడిగి రాసిన పుస్తకం కనుక, చరిత్రకారుడికి కూడా ఇది గొప్ప గని.

ఆంధ్ర జిల్లాల రికార్డుల్లో కొంత భాగం ఆంధ్రప్రదేశ్ ఏర్పడిన తరువాత మద్రాసు నుంచి హైదరాబాదు తార్నాకలోని రాష్ట్ర పురాభిలేఖాగారానికి చేరింది. 2014 విభజన తరువాత రికార్డుల పంపిణీ ప్రశ్న వచ్చింది కాబట్టి, కావలసిన తాలూకా రిజిస్టరు ఇప్పుడు తెలంగాణ పురాభిలేఖాగారంలో ఉందా, ఆంధ్రప్రదేశ్ పురాభిలేఖ శాఖ అధీనంలో ఉందా, కలెక్టరు కార్యాలయం రికార్డు గదిలో ఉందా అన్నది రాతపూర్వకంగా అడిగి తెలుసుకున్నాకే బయలుదేరాలి. దరఖాస్తులో గ్రామం, పాత తాలూకా, పాత జిల్లా, ఇనాం రకం (దేవదాయం, ధర్మాదాయం, వ్యక్తిగతం, గ్రామ నౌకరీ), తెలిస్తే టైటిల్ డీడ్ సంఖ్య రాసి, దరఖాస్తుదారుకు ఆ భూమితో గల సంబంధం తెలిపే పత్రం జత చేయాలి. సర్వే నంబరు ఒక్కటే రాసిన దరఖాస్తు నిలవదు. ఫెయిర్ రిజిస్టరు నేటి సర్వే నంబర్ల కంటే పాతది. పాత విస్తీర్ణానికీ నేటి నంబరుకూ లంకె కుదర్చటానికి తరువాతి సర్వే, సెటిల్‌మెంటు రిజిస్టర్లైన డైగ్లాట్, ఆర్‌ఎస్‌ఆర్ నకళ్లను కూడా విడిగా తీసుకోవాలి.

కోర్టులోగాని రెవెన్యూ అధికారి ముందుగాని దాఖలు చేయదలిస్తే ‘ధ్రువీకృత నకలు’ కావాలని దరఖాస్తులోనే స్పష్టంగా రాయాలి. చదువుకోవటానికి ఇచ్చే జిరాక్సు మీద ముద్ర, అధికారి సంతకం ఉండవు, తరువాత వేయించుకోవటమూ కుదరదు. సమాచార హక్కు చట్టం కింద అడిగేవారు కూడా ఉన్నారు. అధికారుల దగ్గర ఉన్న పత్రం నకలు ఆ చట్టం కింద కోరవచ్చు గాని, సంపుటాలన్నీ వెతికి మన వంశ చరిత్ర తేల్చి చెప్పమని కోరటానికి అది సాధనం కాదు.

ఢిల్లీ, లండన్

నిజాంతో ఒప్పందం ఎలా కుదిరిందన్నది మద్రాసు కంటే ఢిల్లీలో బాగా తెలుస్తుంది. హైదరాబాదులో రెసిడెంటుగా (నిజాం దగ్గర కంపెనీ ప్రతినిధిగా) ఉన్న జేమ్స్ కిర్క్‌పాట్రిక్ గవర్నర్ జనరల్ వెల్లస్లీతో నడిపిన వ్యవహారం ఫారిన్ డిపార్టుమెంటు వరుసలది. జన్‌పథ్‌లోని భారత జాతీయ పురాభిలేఖాగారంలో వాటిని అడగాలి. ముందుగా ‘అభిలేఖ్ పటల్’ అనే వెబ్‌సైటులో పేరు నమోదు చేసుకుని వెతికితే, పత్రం సంఖ్యలు ఇంటి దగ్గరే దొరుకుతాయి, డిజిటల్ రూపంలోకి మార్చినవాటి బొమ్మలు కూడా చూడవచ్చు. నేరుగా వెళ్లేవారు గుర్తింపు పత్రం, సంస్థ పరిచయ లేఖలతో నమోదు చేసుకోవాలి. విదేశీయులు తమ దేశపు దౌత్య కార్యాలయం నుంచి లేఖ తేవాలి.

బ్రిటన్‌లో ఉన్న తెలుగువారికి లండన్‌లోని బ్రిటిష్ లైబ్రరీ దగ్గరి దారి. అక్కడ ఇండియా ఆఫీసు రికార్డుల్లో మద్రాసు ప్రొసీడింగ్స్ ప్రతులు ‘పి’ వరుసలోనూ, 1796–1858 మధ్య కంపెనీ మీద బ్రిటిష్ ప్రభుత్వ అజమాయిషీ కోసం పెట్టిన బోర్డ్ ఆఫ్ కంట్రోల్‌కు వెళ్లిన వ్యవహారాల కట్టలు ‘ఎఫ్/4’ వరుసలోనూ ఉంటాయి. మన్రో సొంత కాగితాలు యూరోపియన్ రాతప్రతుల్లో ‘ఎఫ్ 151’ సంఖ్య కింద ఉన్నాయి. పద్దెనిమిదేళ్లు నిండినవారు గుర్తింపు రుజువు, ఇంటి చిరునామా రుజువు మూల ప్రతులతో వెళ్తే రీడర్ పాస్ ఉచితంగా ఇస్తారు. 2023 అక్టోబరు సైబర్ దాడి తరువాత అక్కడి ఆన్‌లైన్ సేవలు చాలాకాలం దెబ్బతిన్నాయి కాబట్టి, కావలసిన కట్ట సంఖ్య రాసి సిబ్బందిని ఈమెయిల్‌లో అడిగి, తెప్పించగలరని జవాబు వచ్చాకే రోజు నిర్ణయించుకోవాలి. మద్రాసులో విరిగిపోయిందని ఇవ్వని సంపుటానికి లండన్ ప్రతి చాలాసార్లు ప్రత్యామ్నాయమవుతుంది. అయితే అక్కడికి పంపినది ఎత్తిరాసిన ప్రతి కనుక, జత చేసిన పట్టికలు, ఊళ్ల లెక్కలు అందులో లేకపోతే తిరిగి ఎగ్మూరుకే దరఖాస్తు పెట్టుకోవలసి ఉంటుంది.