ఫోన్ తెర వెలుగు దానంతటది సర్దుకోకపోతే: సమస్య, కారణం, పరిష్కారం

తెర వెలుగు ఎండకూ నీడకూ తగినట్టు మారకపోతే సెన్సర్ పోయిందని తీర్మానించి వెంటనే మరమ్మతుకు ఇచ్చేవారు చాలామంది. నేను చూసినంతవరకు ఎక్కువసార్లు సెన్సర్ నిక్షేపంగానే ఉంటుంది. దాని కంటికి గంతలు కట్టింది మనమే అయి ఉంటుంది.

సమస్య: ఆరుబయట నిలబడినా తెర మసకగానే ఉంటుంది.

కారణం: కాంతిని కొలిచే సెన్సర్ చాలా ఫోన్లలో ముందు కెమెరాకు దగ్గరగా, పై అంచు గాజు వెనుక, బియ్యపు గింజంత చోటులో ఇమిడి ఉంటుంది. అందులోని ఫోటోడయోడ్ తన మీద పడిన కాంతిని అతి స్వల్పమైన విద్యుత్ ప్రవాహంగా మారిస్తే, దానితోపాటే ఉన్న సర్క్యూట్ ఆ ప్రవాహాన్ని అంకెగా మార్చి ప్రాసెసర్‌కు అందిస్తుంది. తెర ఎంత వెలగాలన్నది ఆ అంకెను బట్టే నిర్ణయమవుతుంది. సెన్సర్ పైకి కనబడకూడదని గాజుకు వేసే ముదురు పూత వల్ల లోపలికి చేరే కాంతి మొదటే తక్కువ. ఆపైన నల్ల అంచున్న టెంపర్డ్ గ్లాస్ కొంచెం పక్కకు జరిగి అతికితే ఆ కాస్త వెలుగూ అందదు.

పరిష్కారం: చాలా సామ్‌సంగ్ ఫోన్లలో *#0*# డయల్ చేసి సెన్సర్ పేజీ తెరిస్తే లక్స్ (వెలుతురును కొలిచే ప్రమాణం) అంకె కనిపిస్తుంది, ఇతర ఆండ్రాయిడ్ ఫోన్లలో సెన్సర్ అంకెలు చూపే యాప్ ఏదైనా సరిపోతుంది. నడినెత్తి ఎండ సుమారు 1,00,000 లక్స్, దీపాలు బాగా వెలిగే ఆఫీసు గది 300 నుంచి 500 లక్స్ ఉంటాయి. మా ఇంట్లో ట్యూబ్‌లైటు కింద 14 దగ్గరే ఆగిపోయిన ఒక ఫోన్, గ్లాసు ఊడదీయగానే 160 చూపింది. ఊడదీసిన గ్లాసు నల్ల అంచు సరిగ్గా సెన్సర్ మీదికే వచ్చి ఉంది.

సమస్య: బొటనవేలితో మూసినా, టార్చి వేసినా అంకె కదలదు.

ఇది తెర మార్పించిన తరువాత మొదలైతే, లోపలి ఫ్లెక్స్ కేబుల్ (భాగాలను కలిపే, వంగే పలుచని పట్టీ) సరిగ్గా కూర్చోకపోవడమో, కొత్త తెర వెనుక సెన్సర్‌కు రంధ్రం లేకపోవడమో కారణం కావచ్చు. కొన్ని ఓలెడ్ (ప్రతి చుక్కా తనంతట తానే వెలిగే తెర) ఫోన్లలో సెన్సర్ తెర కిందే ఉండి, తెర సొంత వెలుగును లెక్కలోంచి తీసివేసి చూడవలసి వస్తుంది కనుక, వేరే రకం తెర వేస్తే కొలత తప్పుతుంది. హైదరాబాద్‌లో ఫోన్ల మరమ్మతుకు పేరున్న జగదీశ్ మార్కెట్‌లో చేయించినా, మీ వీధి చివరి దుకాణంలో చేయించినా, తెరను జిగురుతో అతికించక ముందే ఈ పరీక్ష చేసి చూపమని అడగండి.

సమస్య: మే నెల మధ్యాహ్నం బండి హ్యాండిల్‌కు బిగించిన ఫోన్‌లో దారి చూస్తుండగా తెర ఉన్నట్టుండి మసకబారుతుంది.

ఇది సెన్సర్ తప్పు కాదు. ఫోన్ మితిమీరి వేడెక్కినప్పుడు తనను తాను కాపాడుకోవడానికి వెలుగు తగ్గిస్తుంది. అప్పుడు కూడా లక్స్ అంకె వేలల్లోనే ఉంటుంది. కవరు తీసి, ఛార్జింగ్ ఆపి, నీడలో పెట్టండి. ఫ్రిజ్‌లో మాత్రం పెట్టవద్దు, లోపల తేమ పడుతుంది.

సమస్య: గేమ్ ఆడేటప్పుడు మాత్రమే వెలుగు పడిపోతుంది.

ఫోన్‌ను అడ్డంగా పట్టుకున్నప్పుడు వేలు సెన్సర్ మీద పడుతూ ఉండవచ్చు. పట్టు మార్చండి, లేదా ఆట అయ్యేదాకా ఆటోమేటిక్ బ్రైట్‌నెస్ ఆపివేయండి.